గడియక్క

మా వదిన అసలు పేరు ఆసుపత్రిలో ఎవరికీ తెలియదు. గడియక్క ఎక్కడ అని అడిగితే మాత్రం పెద్ద డాక్టరుగారి దగ్గర్నుంచి క్యాంటీన్లో గ్లాసులు కడిగే తాతదాకా అందరూ క్యాజువాలిటీ గేటు వైపే చెయ్యి చూపించేవాళ్ళు. ఖాకీ చొక్కా, మోచేతుల పైకి మడిచిన చేతులు, ముడి మీద కూర్చోనని మొరాయించే టోపీ. స్ట్రెచరు లోపలికి రాగానే "గడియ!" అని ఆవిడే అరిచి ఆవిడే వేసేది. బంధువులు గుంపుగా ఏడుస్తూ తోసుకొచ్చినా ఒక్కళ్ళనే రానిచ్చేది. తాగొచ్చి రంకెలు వేసేవాడికి చెంప మీద ఒక్కటిచ్చి వరసలో నిలబెట్టేది. ఆ పేరు ఎవరో కసికొద్దీ పెట్టారు. ఆవిడ బిరుదు పుచ్చుకున్నట్టు పుచ్చుకుంది.

నేను ఆవిడ మరిదిని. అదే ఆసుపత్రిలో అంబులెన్సు తోలతాను. నాకు ఓపిక తక్కువ, నోరు ఎక్కువ. మెత్తగా చెప్పేవాళ్ళు కావాలంటే వేరే మనిషిని చూసుకోండి.

మా అన్నయ్య బస్సు కండక్టరు. ఒకరోజు బస్సులో ఆడపిల్ల మీద చెయ్యి వేసినవాణ్ణి కాలరు పట్టుకుని నడిరోడ్డు మీద దింపేశాడు. వాడు స్నేహితుల్ని వెంటేసుకుని డిపో బయట కాపు కాసి పొడిచాడు. ఆ పోటుకి పోయేవాడు కాదు అన్నయ్య. "బతుకుతాడమ్మా, భయం లేదు" అని డాక్టరు కూడా అన్నాడు. అప్పట్లో క్యాజువాలిటీకి గేటు లేదు. ఆకుపచ్చ గుడ్డ తెర ఒకటి వేలాడుతూ ఉండేది. వదిన అన్నయ్య చెయ్యి పట్టుకుని స్ట్రెచరు పక్కన నిలబడి ఉండగా తెర తోసుకుని ఆ పొడిచినవాళ్ళే లోపలికొచ్చారు. వార్డులో మందులిచ్చేవాళ్ళు పిలిచినట్టు పేరు పెట్టి పిలిచారు. అన్నయ్య "ఆఁ" అన్నాడు. ఆ పలికిన మనిషిని పొడిచారు. ఎన్నిసార్లో నేను చెప్పను. వాళ్ళు వెళ్ళిపోయాక కూడా అన్నయ్య చెయ్యి వదిన చేతిలోనే ఉంది.

కొన్నాళ్ళకి వదిన తిన్నగా పెద్ద డాక్టరుగారి గదికి వెళ్ళింది. "ఇక్కడ గేటు పెట్టించండి. కాపలాకి నేనుంటాను" అంది. "ఆడమనిషివి, ఎలాగమ్మా?" అన్నాడాయన. ఆవిడ బల్ల మీదున్న గాజు పేపరువెయిటు తీసి గోడకేసి కొట్టింది. గోడ పెచ్చు ఊడి కింద పడింది. "ఇలాగ" అంది. ఉద్యోగం ఇచ్చారు. ఆవిడ తనకి తాను పెట్టుకున్న నియమం ఒక్కటే. ఈ గేటు దాటి లోపలికొచ్చినవాణ్ణి రోగం చంపితే చంపనీ, గాయం చంపితే చంపనీ, వెంటాడి వచ్చినవాడు మాత్రం చంపకూడదు. అన్నయ్య తరవాత ఆ గేటు లోపల అలాంటి చావు ఒక్కటి కూడా జరగలేదు. నాలుగు ఇనప కడ్డీలకి ఆవిడ పెట్టిన ప్రాణం అది.

అలాంటి చోటికి డోలు వాయించేవాణ్ణి పంపారు, ఏమనాలి చెప్పండి!

పెద్ద డాక్టరుగారు అందరినీ హాల్లో కూర్చోబెట్టి చెప్పారు. రెండు దేశాల మధ్య సాంస్కృతిక వినిమయమట. వాళ్ళ కళాకారులు మన ఆసుపత్రుల్లో, మన కళాకారులు వాళ్ళ ఆసుపత్రుల్లో పనిచేస్తారట. పాటకీ బొమ్మకీ నొప్పి తగ్గుతుందట, మనసు కుదుటపడుతుందట. "దూది లేదు మహాప్రభో అని మూడు నెలలుగా మొత్తుకుంటుంటే డోలు పంపిస్తున్నారా?" అని నేను వెనక నుంచి అన్నాను. నర్సులు నవ్వారు. పెద్ద డాక్టరుగారు నవ్వలేదు.

వచ్చినవాడు తలుపు పట్టనంత మనిషి. మెళ్ళో ఒకే దుంగని తొలిచి చేసిన డోలు. అతని భాష మాకు రాదు, మాది అతనికి రాదు. వెంట ఒక దుబాసీ పిల్ల ఉండేది గానీ, ఆ పిల్ల పూటకి ఒక గంట కనిపిస్తే గొప్ప. అతను నోటితో ముందు "దబ దబ" అని చూపించి తరవాత డోలు మీద వాయించేవాడు. ఇంకేముంది, ఎముకల వార్డువాళ్ళు అతనికి దబదబ అని పేరు పెట్టేశారు. పెద్దవాళ్ళు మర్యాదగా దబదబగారు అనేవాళ్ళు.

అతని పద్ధతి ఒకటి ఉండేది. మంచం దగ్గరికి రాగానే రోగి మణికట్టు పట్టుకుని రెండు వేళ్ళతో నాడి చూసేవాడు. డాక్టర్లలా గడియారం వంక చూసేవాడు కాదు, కళ్ళు మూసుకుని వినేవాడు. తరవాత ఆ మనిషి నాడి ఎలా నడుస్తోందో అలాగే డోలు మీద మెల్లగా మొదలుపెట్టేవాడు. వాయించి వాయించి, డోలు అవతలివాడి ముందు పెట్టి నవ్వుతూ "కొట్టండి!" అనేవాడు. దుబాసీ పిల్ల అతనికి నేర్పిన ఒకే ఒక్క తెలుగు మాట అది.

ఎముకల వార్డు గొల్లుమనేది. "అయ్యా, ఇక్కడున్నవాళ్ళంతా కొడితే వచ్చినవాళ్ళమే. మళ్ళీ కొట్టమంటావేంటి?" అని కాలికి బరువులు కట్టించుకున్న ఒక తాపీమేస్త్రి అడిగేవాడు. అడిగి, కొట్టేవాడు. నిజం చెప్పొద్దూ, కొట్టాక వాడి మొహం తేటపడేది. మిగతావాళ్ళు మంచాల కడ్డీల మీద స్పూన్లతో అందుకునేవాళ్ళు. నేను కూడా తలుపు దగ్గర నిలబడి వినేవాణ్ణి. వింటున్నట్టు కనపడకుండా వినేవాణ్ణి.

వదినకి మాత్రం అతన్ని చూస్తే ఒళ్ళు మండేది. ఆవిడ కాపలా కాసేది కళ్ళతో కాదు, చెవులతో. రోడ్డు మీద గొడవ ఎటు నుంచి వస్తోందో, ఎంత కోపంగా వస్తోందో గేటు దగ్గర కూర్చుని పసిగట్టేది. ఈయన డోలు మొదలుపెడితే ఆవిడకి బయట సంగతి వినపడేది కాదు. ఒకరోజు అతను గేటు దగ్గరికే వచ్చి ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు.

చెయ్యి మీద ఫెళ్ళున ఒక్కటిచ్చింది వదిన. "ఏంటయ్యా, చెయ్యి పట్టుకుంటున్నావ్?"

దుబాసీ పిల్ల కంగారుగా అడ్డం వచ్చింది. "నాడి చూశారంతే అక్కా. మీరు కూర్చునే ఉన్నా మీ నాడి పరిగెత్తుతోందంటున్నారు."

"పరిగెత్తుతుంది. నా నాడి, నా ఇష్టం. ఆ డోలు తీసుకుని వార్డులోకి పొమ్మను. ఈ వరండాలో మోగిందంటే తలకి తగిలిస్తా."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ఊరి మార్కెట్లలో మూటలు దించే ముఠాలు రెండు. పాత మార్కెట్ ముఠా, కొత్త మార్కెట్ ముఠా. లారీ ఎవరు దించాలన్న దాని మీద మొదలైన తగువు ఆ ఏడాది కత్తుల దాకా వచ్చింది. ఒక మధ్యాహ్నం పాత మార్కెట్ హమాలీ ఒకడి కడుపు చీరేశారని నాకు ఫోనొచ్చింది. కడుపుకి తువ్వాలు బిగించి కట్టి వాణ్ణి తెచ్చాను. అద్దంలో వెనక వ్యాను కనపడుతూనే ఉంది.

"వదినా, వెంటే వస్తున్నారు!" అని అరిచాను.

స్ట్రెచరు లోపలికి వెళ్ళింది. గడియ పడింది. వ్యానులోంచి కొత్త మార్కెట్‌వాళ్ళు దిగారు. చేతుల్లో ఇనప రాడ్లు, మూటలెత్తే కొక్కేలు. ముందున్నవాడికి పిల్లికళ్ళు. వాణ్ణి అందరూ పిల్లికళ్ళు అనే పిలుస్తారు.

"తప్పుకో అక్కా. వాణ్ణి పూర్తి చేసి పోతాం. నీతో మాకు పేచీ లేదు" అన్నాడు.

వదిన గేటుకి మొహం ఆనించి నింపాదిగా అంది. "ఏరా, మొన్న మీ అమ్మకి ఊపిరాడకపోతే ఈ గేటులోంచి చక్రాల కుర్చీలో తోసుకెళ్ళింది ఎవర్రా?"

వాడు రాడ్డు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చాడు.

"అడుగుతుంటే చెప్పవేం? ఎవరు?"

"నువ్వే."

"మరి? లోపల డాక్టరు వాడి పేగులు సర్దుతున్నాడు. నువ్వు బయటికి తీసినవి. నీ వంతు అయిపోయింది, ఇప్పుడు ఆయన వంతు. ఇంటికెళ్ళి మొహం కడుక్కో. పిల్లలు చూస్తే జడుసుకుంటారు."

వెనక ఎవడో కిసుక్కున నవ్వాడు. రాడ్లు కిందికి దిగాయి. పిల్లికళ్ళు ఉమ్మేసి పక్కకి తిరిగాడు. ఇంకొక్క నిమిషం ఆగితే వ్యాను ఎక్కేసేవాళ్ళు, ఒట్టు.

అప్పుడు వార్డులోంచి దబదబ బయటికొచ్చాడు. గేటు బయట గుంపుని చూశాడు. వాళ్ళ ఊళ్ళో మనుషులు కోపంగా గుమిగూడితే డోళ్ళు తెచ్చి మధ్యలో పెడతారట. చేతులు అలిసిపోయేదాకా అందరూ కలిసి వాయించి ఇళ్ళకి పోతారట. ఇది తరవాత తెలిసింది, తెలిసి ఏం లాభం? అతను డోలు పైకెత్తి, గొంతు చించుకుని, నవ్వుతూ అరిచాడు.

"కొట్టండి! కొట్టండి!"

వెనకున్నవాళ్ళకి మనిషి కనపడలేదు. ఆసుపత్రి లోపలి నుంచి ఎవరో కొట్టండి అంటున్నారు, అంతే వినపడింది. మొదటి ఇటుక వదిన టోపీని ఎగరగొట్టింది. తరవాత ఎవరు ఏం విసిరారో చెప్పలేను. రాడ్డు దెబ్బకి గడియ అతుకు దగ్గర విరిగి ఠంగుమని నేల మీద పడింది. గేటు రెక్కలు లోపలికి తెరుచుకుంటున్నాయి. గడియ దూరే రింగులు రెండూ ఖాళీగా ఉన్నాయి. వదిన కుడిచెయ్యి ఆ రింగుల్లోంచి మోచేతి దాకా దూర్చేసింది.

పిల్లికళ్ళు చూశాడు. చూసే కొట్టాడు. రాడ్డు అరచేతి మీద పడింది. మళ్ళీ పడింది. ఎముక విరిగిన చప్పుడు నేను రోజూ వినేదే, కానీ అది మా ఇంటి మనిషిదైతే వేరుగా ఉంటుంది. ఆవిడ ఏడవలేదు. వాడి ఏడు తరాలనీ పేరుపేరునా తిట్టింది. చెయ్యి మాత్రం తియ్యలేదు.

నేను పరిగెత్తుకొచ్చి ఒక రెక్కకి భుజం పెట్టాను. దబదబ డోలు గేటు కింద అడ్డంగా తోసి, రెండో రెక్కకి వీపు ఆనించి కూర్చున్నాడు. కడ్డీల సందులోంచి కొక్కెం ఒకటి వచ్చి అతని తల మీద చర్మం లేపేసింది. డోలు దుంగ ఫటేలున చీలింది. పోలీసు జీపు వచ్చేదాకా అలాగే ఉన్నాం. వాళ్ళు పారిపోయాక వదిన చేతిని రింగుల్లోంచి తియ్యడానికి ఇనుము కోసే రంపం తేవలసి వచ్చింది. చెయ్యి అంత వాచిపోయింది.

లోపల హమాలీ బతికాడు.

వదినని ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళాక, తల నిండా రక్తంతో దబదబ నా దగ్గరికి వచ్చి ఏదో అడిగాడు. నేను మొహం మీద గుద్దాను. మళ్ళీ గుద్దాను. పశ్చాత్తాపమా? ఇప్పటికీ లేదు. అతను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఎందుకు కొడుతున్నానో అర్థం కాక నన్నే చూస్తున్నాడు. దుబాసీ పిల్ల ఏడుస్తూ వచ్చి ఆ మాటకి రెండో అర్థం ఏంటో అప్పుడు అతనికి చెప్పింది. మొదటి రోజే చెప్పి ఏడవొచ్చుగా! అతను గోడకి ఆనుకుని నేల మీద కూలబడిపోయాడు.

తరవాత వేరే మాట ఇమ్మని ఆ పిల్లని అడిగాడట. ఏముంది ఇవ్వడానికి? వాయించండి అందామంటే, నిన్న మా బావమరిదిని వాయించేశారు అంటాం. మోగించండి అందామంటే వీపు మోగిస్తా అంటాం. మన భాషలో డోలుకీ వీపుకీ ఒకటే మాటలు. చివరికి అతను నోరు కట్టేసుకున్నాడు. మిగతా కళాకారులు వెళ్ళిపోయినా అతను మాత్రం గడువు పెంచమని తన దేశంవాళ్ళని బతిమాలుకుని ఉండిపోయాడు.

వదిన అరచేతిలో ఎముకలు పిండైపోయాయి. తీగలతో కట్టారు, కట్టు విప్పారు, వేళ్ళు మాత్రం ముడుచుకోలేదు. పిడికిలి పట్టమంటే చెయ్యి అలాగే చాచి ఉండేది. వ్యాయామం చేయించే అమ్మాయి రబ్బరు బంతి ఇస్తే కిటికీలోంచి విసిరేసింది, అదీ ఎడంచేత్తో. పెద్ద డాక్టరుగారు వచ్చి కూర్చుని చెప్పారు. "చూడమ్మా, గడియ వేసి చూపించు. వెయ్యగలిగితే గేటు నీదే. లేకపోతే దుప్పట్ల గదిలో ఉద్యోగం ఇస్తాను. హాయిగా కూర్చోవచ్చు."

"దుప్పట్లలో చుట్టి పాతిపెట్టండి, ఇంకా హాయిగా ఉంటుంది" అంది వదిన.

ఆయన వెళ్ళాక నా వైపు తిరిగి మెల్లగా అంది. "మరిదీ, ఆ గేటు దగ్గర నేను లేకపోతే మీ అన్నయ్యని మళ్ళీ తెర వెనక పడుకోబెట్టినట్టేరా." ఆవిడ కళ్ళల్లో నీళ్ళు నేను చూసింది ఆ ఒక్కసారే. నేను నీళ్ళ సీసా నింపుకొస్తానని బయటికొచ్చేశాను.

దబదబ రోజూ వచ్చేవాడు. చీలిన డోలుని తాడుతో బిగించి కట్టుకున్నాడు. మంచం పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. మాట లేదు, వాయింపు లేదు. వదిన మొదట తిట్టింది. ఆ తిట్లు మార్చి చెప్పడానికి దుబాసీ పిల్ల ఒప్పుకోలేదు. తరవాత డోలుని కాలితో తన్ని దొర్లించింది. అతను తెచ్చి మళ్ళీ అక్కడే పెట్టుకుని కూర్చున్నాడు. తిట్టీ తిట్టీ ఆవిడకే విసుగొచ్చింది. ఒకరోజు ఆ విరిగిన చేతినే అతని ముందుకి చాపింది.

"చూడు. ఇంకా పరిగెత్తుతోందేమో చూడు."

అతను కళ్ళు మూసుకుని నాడి పట్టుకుని, రెండో చేత్తో డోలు మీద మొదలుపెట్టాడు. చీలిన దుంగ బొంగురుగా పలికింది.

"పగిలింది నీ డోలా, నా నాడా?" అంది వదిన. పక్క మంచాలవాళ్ళు నవ్వారు. ఆవిడా నవ్వింది. ఆ తరవాత రోజూ చెయ్యి చాపేది. అతను ఆవిడ అరచేతిని డోలు మీద పెట్టించి, పైన తన అరచెయ్యి వేసి మెల్లగా వాయించేవాడు. మహిమలు జరిగిపోయాయని అనుకోకండి. వేళ్ళు ముడుచుకోలేదు. కానీ వదిన నిద్రపోవడం మొదలుపెట్టింది. అన్నయ్య పోయాక అలా నిద్రపోగా నేను చూడలేదు.

ఈలోపు గేటు కాపలాకి సెక్యూరిటీ కంపెనీవాళ్ళు ఒక కండల వీరుణ్ణి పంపారు. వంగిన గేటుని వెల్డింగువాడు సరిచేసి కొత్త గడియ పెట్టాడు గానీ, అది సరిగ్గా కుదరలేదు. ఒక చేత్తో రెక్క ఎత్తి పట్టుకుని, గడియ రింగు ఎదుటికి తెచ్చి, రెండో చేత్తో బలంగా కొడితేనే లోపలికి పోతుంది. పెద్ద డాక్టరుగారు పరీక్ష పెడతానన్న రోజుకి ముందు రోజు మధ్యాహ్నం వదిన దాన్ని వేసి చూసుకుందామని దబదబని వెంటబెట్టుకుని గేటు దగ్గరికి నడిచింది. ఎడంచేత్తో రెక్క ఎత్తుతోంది, కుడిచేత్తో కొడుతోంది. ముడవని వేళ్ళు గడియ మీద జారిపోతున్నాయి. నొప్పికి పెదవి కొరుక్కుంటోంది. దబదబ చూస్తూ నిలబడ్డాడు. సాయం పట్టబోతే విసిరికొట్టింది.

సరిగ్గా అప్పుడే నా అంబులెన్సు వచ్చింది. స్ట్రెచరు మీద ఛాతీలో కత్తి దిగినవాడు. వాడి కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. పిల్లికళ్ళు.

వాణ్ణి నేనెందుకు తెచ్చానని అడగొద్దు. ఫోనొస్తే వెళ్ళాలి, పడున్నవాణ్ణి తేవాలి. దారి పొడుగునా వాణ్ణి తిడుతూనే తోలాను. వెనక పాత మార్కెట్‌వాళ్ళు కొక్కేలతో పరిగెత్తుకొస్తున్నారు. వాళ్ళని చూడగానే కండల వీరుడు లాఠీ అక్కడే పారేసి ప్రహరీ దూకాడు.

వదిన స్ట్రెచరు మీది మొహం చూసింది. తన చెయ్యి చూసుకుంది.

"వాడే వదినా" అన్నాను. గేటు అలాగే వదిలేస్తే బాగుణ్ణనిపించింది నాకు. దాచను.

"కనపడుతోంది. లోపలికి తొయ్యి" అంది.

"వదినా..."

"ఒరేయ్, తోస్తావా, తన్నమంటావా!"

తోశాను. ఆవిడ గేటు రెక్కలు దగ్గరికి వేసింది. గుంపులో అందరికంటే ముందున్నవాడు ఎవరనుకున్నారు? నేను కడుపుకి తువ్వాలు కట్టి తెచ్చిన హమాలీయే. ఆవిడ చెయ్యి ఎవడి కోసం విరిగిందో వాడే. చేతిలో కొక్కెం.

"అక్కా! నీ చెయ్యి విరగ్గొట్టినవాణ్ణి వదలమని ఆ రోజే అనుకున్నాం. నీ కోసమే వచ్చాం. గేటు తియ్యి!"

"నా కోసమా?" వదిన ఎడంచేత్తో కడ్డీల మీద చరిచింది. "నా మొగుణ్ణి కూడా ఎవడో ఎవడి కోసమో వచ్చే పొడిచాడ్రా, ఈ వరండాలోనే!"

రెక్క ఎత్తి పట్టింది. గడియ రింగు ఎదురుగా నిలబడింది, అంతకంటే కదలలేదు. కుడిచేత్తో బాదింది. పోలేదు. గుంపు గేటు మీద పడబోతోంది. ఆవిడ దబదబ వైపు తిరిగి అరిచింది.

"కొట్టు!"

అతను బిగుసుకుపోయాడు. ఆ మాట వినగానే మొహంలో నెత్తురు లేదు. రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు. వదిన ముడవని చేత్తోనే అతని భుజం మీద ఒక్కటి వేసింది. తరవాత అదే చేత్తో గడియ చూపించింది.

"దీన్నయ్యా! కొట్టు! కొట్టవయ్యా!"

అప్పుడు కొట్టాడు. అరచేతి అంచుతో, డోలు కొట్టినట్టే. ఒక దెబ్బకి సగం పోయింది. ఇంకో దెబ్బకి అరచెయ్యి చీరుకుంది, గడియ పూర్తిగా దిగింది. గుంపు వచ్చి గేటుకి గుద్దుకుంది. గేటు ఊగింది, తెరుచుకోలేదు.

కొక్కేలు కడ్డీలని పీకుతున్నాయి. ఒకటి సందులోంచి వచ్చి వదిన భుజాన్ని చీల్చింది. ఖాకీ చొక్కా తడిసిపోయింది. ఆవిడ వెనక్కి జరగలేదు. విరిగిన చేతిని కడ్డీల మధ్యనుంచి హమాలీ మొహం ముందుకి చాపింది.

"చూడరా. నీ పేగులు లోపలికి సర్దేదాకా ఇది ఇక్కడే ఉంది." ఎడంచెయ్యి కూడా చాపింది. "ఇది కూడా కావాలా? తీసుకో. వాడు కొట్టినట్టే కొట్టు!"

వాడు కొక్కెం ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు. ఆ చేతిని చూశాడు. ఏమనుకున్నాడో, కొక్కెం వదిలేసి వెనక్కి తిరిగాడు. వీపు గేటుకి ఆనించి తన వాళ్ళ ఎదుట నిలబడ్డాడు. "చాలు. పదండి" అన్నాడు. వాళ్ళలోనే ఒకడు, వాడి సొంత బాబాయి కొడుకు, రాడ్డుతో వాడి తల మీద కొట్టాడు. వాడు మోకాళ్ళ మీద పడ్డాడు గానీ గేటు దగ్గర్నుంచి జరగలేదు. రెండో దెబ్బకి తల వాలిపోయింది. తమ మనిషిని తామే పడేశాక మిగతావాళ్ళ చేతులు చచ్చుబడ్డాయి. పోలీసులొచ్చేసరికి గేటు ముందు వాడొక్కడే పడి ఉన్నాడు. గడియ తీసి వాణ్ణి కూడా లోపలికి మోసుకొచ్చాను. తరవాత కుట్లు వేయించుకుని పిల్లికళ్ళ పక్క మంచం మీదే వారం రోజులు పడుకున్నాడు, మొహం అటు తిప్పుకుని.

పెద్ద డాక్టరుగారు పరిగెత్తుకొచ్చి గడియ చూశారు, దాని మీది రక్తం చూశారు. "ఎవరు వేశారు?" అన్నారు. "మేమే" అంది వదిన. ఆయన తరవాత ఎప్పుడూ పరీక్ష మాట ఎత్తలేదు. ఇప్పుడు ఆ గేటుకి ఇద్దరు కాపలా, రెక్క ఎత్తేది వదిన, కొట్టేది ఇంకొకరు.

అవన్నీ తరవాతి సంగతులు. గుంపు చేతులు వాలిపోయిన ఆ క్షణంలో వదిన చెవులు లోపలి వైపు తిరిగాయి. లోపల స్ట్రెచరు మీద వంగిన కుర్ర డాక్టరు అరుస్తున్నాడు. "కొట్టుకుంటోంది! ఇంకా కొట్టుకుంటోంది! రక్తం తీసుకురండి!"

దబదబ ఉలిక్కిపడ్డాడు. లోపల కూడా ఎవరో కొట్టుకుంటున్నారనుకున్నాడు. వదినకి అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాడు, అరచేతి నుంచి రక్తం కారుతూనే ఉంది. వదిన అతని మొహం చూసింది. నవ్వాలో ఏడవాలో తెలియనట్టు మూతి వంకర పోయింది. అతని మణికట్టు పట్టుకుని స్ట్రెచరు దగ్గరికి లాక్కెళ్ళింది. డాక్టరు కసురుతున్నా వినకుండా అతని రెండు వేళ్ళూ పిల్లికళ్ళ మణికట్టు మీద పెట్టింది.

"కొట్టుకోవడం అంటే ఇదీనయ్యా. ఇది" అంది.

అతను కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు ఏమీ లేదు. తరవాత రెండో చేత్తో స్ట్రెచరు ఇనప కడ్డీ మీద ఒక దెబ్బ. ఆగి, ఇంకొకటి. ఆగి, ఇంకా ఆగి, ఇంకొకటి. క్యాజువాలిటీలో అందరం ఆ చప్పుడే వింటూ నిలబడ్డాం. డాక్టరు చేతులు ఆడుతున్నాయి, నర్సు రక్తం సీసా తగిలిస్తోంది. చప్పుడు తడబడింది. వాడంటే నాకు అసహ్యం, ఇప్పటికీ అసహ్యమే, అయినా తరవాతి దెబ్బ కోసం ఊపిరి బిగబట్టాను.

వదిన, భుజం మీది రక్తం స్ట్రెచరు మీద బొట్లుబొట్లుగా పడుతుంటే, పిల్లికళ్ళ చెవి దగ్గరికి వంగింది.

"ఆపావో, చంపేస్తా" అంది.

వాడు ఆపలేదు.